ప్లస్ వన్, ప్లస్ టూలో పెయింటింగ్ సబ్జెక్టు తీసుకుని బాగా నేర్చుకోవడం ఎలా? చెన్నైలోని తెలుగు పిల్లల కోసం

పదో తరగతి అయిపోగానే మన తెలుగు ఇళ్ళల్లో వచ్చే మొదటి ప్రశ్న ఎంపీసీనా బైపీసీనా అని. ఊరు చెన్నై అయినా ప్రశ్న మారదు, నెల్లూరు నుంచి ఫోన్ చేసే మేనమామ కూడా అదే అడుగుతాడు. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతులకి పెయింటింగ్ అనే పూర్తి స్థాయి సబ్జెక్టు ఉందని చాలామంది అమ్మానాన్నలకి తెలియదు. తెలిసినవాళ్ళలో కొందరేమో మార్కులు సులువుగా పడతాయట అని చేర్పిస్తారు. నాకు బాధ కలిగించేది ఈ రెండో సంగతే. అలా చేరిన పిల్లలు ఏడాదంతా బ్రష్ ముట్టుకోకుండా ప్రాక్టికల్స్ ముందు హడావిడి పడతారు. వీళ్ళ పాఠ్యపుస్తకంలో ఉన్న శిల్పాల్లో కొన్ని వీళ్ళు రోజూ తిరిగే ఊళ్ళోనే ఉన్నాయి, ఒక్కసారి కూడా నిలబడి చూడకుండానే పరీక్ష రాసేస్తారు.

ముందు స్కూల్లో ఏం అడగాలి

అన్ని స్కూళ్ళల్లో ఈ సబ్జెక్టు ఉండదు, ఉన్నచోట కూడా ఏ గ్రూపుతో కలిపి ఇస్తారన్నది స్కూలును బట్టి మారుతుంది. కాబట్టి అడ్మిషన్‌కి ముందే మూడు విషయాలు అడగండి: ఐదో సబ్జెక్టుగా ఇస్తారా, ఆరోది అదనంగా ఇస్తారా, దీనికంటూ ప్రత్యేకంగా ఆర్ట్ టీచర్ ఉన్నారా. మూడోదే ముఖ్యం. ఇంగ్లీషు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు ఐదోదిగా పెయింటింగ్ తీసుకుంటే ఇంజనీరింగ్ దారి కూడా మూసుకుపోదు, ఇంట్లో టెన్షన్ పడేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి. ఆర్కిటెక్చర్ మీద మనసుంటే మాత్రం మ్యాథ్స్ వదలకండి, అది లేకుండా బీఆర్క్‌లో చేరలేరు.

మార్కుల లెక్క ఇదీ: థియరీకి, అంటే భారతీయ కళా చరిత్రకి 30, ప్రాక్టికల్‌కి 70. ఆ 70లో ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేసే నేచర్ అండ్ ఆబ్జెక్ట్ స్టడీకి 25, ఇచ్చిన అంశం మీద సొంతంగా వేసే కంపోజిషన్‌కి 25, ఏడాది పొడుగునా చేసిన పనికి, అంటే పోర్ట్‌ఫోలియోకి 20. సిలబస్‌లో ఒక్కో ఏడాది కొన్ని బొమ్మలు తీసేయడం, కలపడం జరుగుతుంది కాబట్టి పాత గైడు నమ్ముకోకుండా బోర్డు వెబ్‌సైటులో మీ సంవత్సరం సిలబస్ చూసుకోండి.

సామాను

ఖరీదైనవి వద్దు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్ళు, ఒక పోస్టర్ కలర్ సెట్టు, ఒక వాటర్ కలర్ సెట్టు, గుండ్రటి బ్రష్‌లు మూడు, చదునువి రెండు, ఒక డ్రాయింగ్ బోర్డు చాలు. కాగితం హాఫ్ ఇంపీరియల్ సైజు, అంటే 15 అంగుళాలకి 22 అంగుళాలు, పరీక్షలో వాడేది కూడా అదే. మన ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్ అంతా కాగితం దుకాణాలే, అక్కడ షీట్లు ఎక్కువగా ఒకేసారి కొనుక్కుంటే తక్కువలో వస్తాయి. ఒక షీటుని బోర్డుకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించాకే తడి రంగు పెట్టండి, లేకపోతే ఉబ్బి అలలు తేలుతుంది. మే నెలలో ఇక్కడ రంగు బ్రష్ ఎత్తేలోగా ఆరిపోతుంది, నవంబరు వానల్లో ఎంతకీ ఆరదు, రెండు కాలాల్లోనూ ప్రాక్టీస్ చేసి ఉంటే పరీక్ష రోజు చెయ్యి తడబడదు.

చూసి వేయడం: అసలు పని ఇక్కడే

వంటింట్లోంచి ఒక ఇత్తడి చెంబు, రెండు వంకాయలు, ఒక అరటిపండు తీసుకోండి. వెనక ఒక నూలు చీర, కింద వేరే రంగు తువ్వాలు. కిటికీ పక్కన పెట్టండి, వెలుతురు ఒక వైపు నుంచే రావాలి, ట్యూబ్‌లైటు ఆపేయండి. పరీక్షలో ఇచ్చేది కూడా దాదాపు ఇలాంటి అమరికే: రెండు మూడు వస్తువులు, రెండు రంగుల గుడ్డలు, దాంతో పాటు కూరగాయలో ఆకులో పూలో.

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది చెంబు మూతి దగ్గర. మూతి అండాకారంగా వేస్తారు, అడుగు మాత్రం తిన్నగా గీత గీసేస్తారు, దాంతో చెంబు గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. మీ కంటి మట్టానికి ఎంత కిందికి వెళితే ఆ వంపు అంత గుండ్రంగా మారుతుంది, కాబట్టి అడుగు వంపు మూతి వంపు కన్నా కాస్త ఎక్కువే ఉండాలి. చెంబుకి ఆ వైపున్న, మనకి కనపడని గీతలు కూడా తేలిగ్గా గీసి, సరిపోయిందనుకున్నాక చెరిపేయండి. తర్వాత చీర మడతలు. అన్నీ వేయాలని చూడకండి, పెద్ద మడతలు మూడు పట్టుకుని అవి ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిపోతున్నాయో చూడండి. నీడలకి నల్లరంగు పూసేసే అలవాటు మానుకోండి, పసుపు పండు నీడలో కాస్త ఊదా కలిపి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. వంకాయ మీద మెరుపు కోసం తెల్లరంగు చివర్లో పెట్టడం కన్నా ఆ చోటు మొదటి నుంచీ కాగితం వదిలేయడం మేలు, వాటర్ కలర్‌లో అయితే ఇది తప్పనిసరి.

రోజుకి అరగంట పెన్సిల్‌తో, ఆదివారం మూడు గంటలు గడియారం పెట్టుకుని రంగుతో. పరీక్షలో ఒక్కో భాగానికి ఉండేది మూడు గంటలే, అందులో డ్రాయింగ్ ముప్పావు గంట దాటితే రంగుకి టైమ్ చాలదు.

కంపోజిషన్

ఇక్కడ ఇంటర్నెట్‌లో దొరికిన సూర్యాస్తమయం, రెండు కొబ్బరిచెట్లు, ఒక పడవ వేయకండి. దిద్దేవాళ్ళు అలాంటివి ఎన్ని చూసి ఉంటారో ఆలోచించండి. మీరు రోజూ చూసే జనాన్ని వేయండి: కోయంబేడులో పూలు తూకం వేసే ఆవిడ, కాశిమేడులో వలలు సర్దుతున్నవాళ్ళు, తాంబరం లోకల్ రైల్లో తలుపు దగ్గర వేలాడే కుర్రాళ్ళు. మనుషుల్ని వేయడం నేర్చుకోవాలంటే సెంట్రల్ స్టేషన్‌ని మించిన చోటు నాకు తెలీదు. విజయవాడ వైపు వెళ్ళే రైళ్ళ కోసం సంచుల మీద కూర్చుని, తల ఆనించి, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఎదురుచూసే మనవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉంటారు, ఎక్కువ కదలరు, కాబట్టి ఒక్కొక్కరినీ రెండేసి నిమిషాల్లో గీసుకోవచ్చు. ఒకవేళ ఎవరైనా వద్దంటే వెంటనే ఆపేయండి.

బొమ్మ మొదలుపెట్టే ముందు అగ్గిపెట్టెంత సైజులో నాలుగు చిన్న స్కెచ్‌లు వేసి, వాటిలో ఒకటి ఎంచుకోండి. పదిమందిని చీమలంత వేయకుండా ముగ్గుర్ని పెద్దగా వేయండి.

థియరీని కళ్ళతో చదవండి

బట్టీ పట్టేవాళ్ళకి ఇది విసుగు. బొమ్మ పేరు, చిత్రకారుడు, శైలి, మాధ్యమం, ఎక్కడుంది అన్నవి ఎలాగూ గుర్తుండాలి, కానీ రాయాల్సింది ఆ బొమ్మలో మీకు ఏం కనిపించిందో. అందుకు ఒక మంచి పద్ధతి: సిలబస్‌లోని ప్రతి బొమ్మనీ అరచేయంత సైజులో పెన్సిల్‌తో కాపీ చేసి పక్కన రంగుల పేర్లు రాసుకోండి. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ శైలిలో నిహాల్‌చంద్ వేసిన రాధని ఒకసారి గీసినవాళ్ళు ఆ విల్లులాంటి కనుబొమ్మని, పొడవైన కంటిని మళ్ళీ మర్చిపోరు.

ఇక ఊళ్ళో తిరగండి. ఎగ్మూరు మ్యూజియం శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్ళండి. అక్కడ కంచు విగ్రహాల గ్యాలరీలో చోళుల నటరాజులున్నారు, పదకొండో తరగతి పాఠానికి అంతకన్నా ఏం కావాలి! అదే మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలూ ఉన్నాయి. మన కృష్ణా తీరం నుంచి వచ్చిన సున్నపురాయి పలకలు అవి, తెలుగు పిల్లలు వాటి ముందు కాసేపు కూర్చుని గీయాలని నేను గట్టిగా కోరుకుంటాను. మెరీనాలో అన్నా సమాధి దగ్గర్లో నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం ఉంది కదా, ఇక్కడ తమిళంలో ఉళైప్పాళర్ సిలై, అంటే శ్రామికుల విగ్రహం అంటారు, అది పన్నెండో తరగతి సిలబస్‌లో వచ్చే దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం. 1959లో పెట్టారు. చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ గీయండి, నలుగురి ఒంటి బరువూ ఎటు వాలుతుందో ఫోటోలో తెలియదు.

ఒక రోజు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద వెళ్ళే బస్సెక్కి మహాబలిపురం వెళ్ళండి, గంగావతరణం శిల్పం తూర్పు ముఖంగా ఉంటుంది, ఉదయం వెలుతురులో చూడాలి. తిరుగు ప్రయాణంలో ఇంజంబాక్కంలో దిగితే 1966లో మొదలైన చోళమండలం కళాగ్రామం. సిలబస్‌లోని రాగి గణేశుణ్ణి చేసిన పి.వి. జానకిరామ్ అక్కడి కళాకారుల్లో ఒకరు. ఇంకోటి, అచ్చు చిత్రాల పాఠంలో వచ్చే కె. లక్ష్మా గౌడ్ మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో పుట్టినవారు, దక్కనీ చిత్రాల పాఠంలో గోల్కొండ వస్తుంది. ఈ రెండూ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి చూపించండి, ఈ సబ్జెక్టు మీద వాళ్ళ మాట తీరు మారుతుంది.

పోర్ట్‌ఫోలియో

జూన్ నుంచి వేసిన ప్రతిదానికీ వెనక తేదీ రాయండి, చెత్తగా వచ్చిందని ఏదీ పారేయకండి, తొలి స్కెచ్ నుంచి పూర్తయిన బొమ్మ దాకా ఉన్న వరసకి కూడా మార్కులుంటాయి. జానపద శైలిలో ఒక బొమ్మ అడుగుతారు, అందరూ మహారాష్ట్ర గిరిజనుల వార్లీ వేస్తారు. మీరు తెలంగాణలోని చేర్యాల నకాషీ పటాలనో శ్రీకాళహస్తి కలంకారీనో పట్టుకోండి. చేర్యాల బొమ్మల వెనక ఎర్రరంగు, కలంకారీలో ముందు నల్లగీత, ఈ రెండూ గమనిస్తే మొదలుపెట్టడానికి చాలు.

తర్వాత

చెన్నైలో 1850లో మొదలైన ప్రభుత్వ లలిత కళల కాలేజీలో నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. డిజైన్ వైపైతే నిఫ్ట్ (ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ), ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), యూసీడ్ (ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి) ప్రవేశ పరీక్షలు. వీటన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో డ్రాయింగ్ పరీక్షిస్తారు కాబట్టి పన్నెండో తరగతి స్కెచ్ పుస్తకాలే మీ కోచింగ్. చెన్నైలో చదివిన మన పిల్లలకి ఒక చిక్కు మాత్రం ఉంది: ఇక్కడ తమిళనాడులో నేటివిటీ సర్టిఫికెట్ అడుగుతారు, తెలుగు రాష్ట్రాల్లో లోకల్, నాన్ లోకల్ లెక్క చూస్తారు. ఏ రాష్ట్రం కోటాలో మీరు లెక్కకొస్తారో ప్లస్ వన్‌లో ఉండగానే కనుక్కుని కాగితాలు సిద్ధం చేసుకోండి, అప్లికేషన్ గడువు దగ్గరపడ్డాక తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం కష్టం.