విద్యుత్ బైకు బ్యాటరీలు - 3వ పాఠం: చవకలో ఫాస్ట్ చార్జర్ ఎంచుకోవడం

గత పాఠంలో ప్యాకులోని సెల్స్ ఏ రకమో, ఎన్ని సిరీస్‌లో ఉన్నాయో రాసుకున్నారు. చార్జర్ కొనడానికి వెళ్లినప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి. వరంగల్ చౌరస్తా అయినా, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ అయినా, ఊరికే "72 వోల్టుల చార్జర్" అంటే ఏది చేతిలో పెడతారో చెప్పలేం.

20 సెల్స్ సిరీస్‌లో ఉన్న ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్ లిథియం) ప్యాకుకు 84 వోల్టులు కావాలి, అంటే సెల్‌కు 4.2. 24 సిరీస్ ఎల్ఎఫ్‌పీకి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) 87.6, సెల్‌కు 3.65. ఆరు సీసం బ్యాటరీల చార్జరేమో 88 దాకా పోతుంది. మూడింటి మీదా రాసి ఉండేది 72 వోల్టులే. 87.6 చార్జర్‌ను ఎన్ఎంసీకి తగిలిస్తే సెల్‌కు 4.38 వోల్టులు పడతాయి. బీఎంఎస్ (ప్యాకును కాపాడే సర్క్యూట్ బోర్డు) ఆపేస్తుంది కదా అంటారు. ఆపుతుంది, అది బాగున్నన్నాళ్లు. రోజూ చార్జింగ్ ఆపే పని చార్జర్‌ది. బీఎంఎస్ ఆపద వేళకు మాత్రమే. అందుకే డబ్బులిచ్చే ముందే చార్జర్‌ను ప్లగ్గులో పెట్టించి, మల్టీమీటర్‌తో చూడండి. 84 రావాల్సిన చోట 84.5 దాటితే వద్దనండి.

కంపెనీ స్కూటర్లున్నవాళ్లు ఇక్కడే ఆగండి. చాలావాటిలో చార్జర్, బీఎంఎస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయటి చార్జర్ పెడితే పనిచేయకపోవచ్చు, వారంటీ కూడా పోవచ్చు. ఈ పాఠం కిట్ బైకులకు, విడిగా కట్టించిన ప్యాకులకు.

ఇక ఆంపియర్లు. 72 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఎన్ఎంసీ ప్యాకునే తీసుకుందాం. సెల్స్ మామూలుగా 0.5సీ, అంటే ఏహెచ్ అంకెలో సగం, 20 ఆంపియర్లు ఓర్చుకుంటాయి. అయినా బీఎంఎస్ మీద చార్జింగ్ పరిమితి 10 అని ఉంటే 10కి మించొద్దు. చార్జింగ్ పోర్టు వేరుగా ఉన్న బీఎంఎస్‌లో ఆ పోర్టుకుండే సన్న వైరును తప్పించుకుందామని మోటారు వైపు పోర్టులోంచి ఎక్కించడం పెద్ద ప్రమాదం: అటువైపు ఓవర్‌చార్జ్ రక్షణ ఉండదు.

తర్వాత గోడను చూడాలి. 84 వోల్టులు, 20 ఆంపియర్లంటే 1680 వాట్లు. నష్టాలు కలిపితే గోడ నుంచి 1850 వాట్లకు పైనే, 230 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు. చవక చార్జర్లలో పవర్ ఫ్యాక్టర్ సవరణ (గోడ నుంచి అదనపు కరెంటు లాగకుండా చూసే సర్క్యూట్) ఉండదు కాబట్టి అది 12 దాకా పోతుంది. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ 190కి పడితే ఇంకా పెరుగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బోర్డు దీనికి పనికిరావు, కరుగుతాయి. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల పాయింటు, దానికి విడిగా ఎంసీబీ కావాలి.

అందరికీ 20 అవసరమా? మా లెక్కలో అక్కర్లేదు. 10 ఆంపియర్లతో 20 శాతం నుంచి 90కి రావడానికి 28 ఏహెచ్ కావాలి, మూడు గంటల లోపే అవుతుంది. చివరి పది శాతంలో కరెంటు తానే తగ్గుతుంది గనక అక్కడ ఎంత పెద్ద చార్జరైనా లాభం తక్కువే.

చవక దారి ఇది: చేతిలో ఉన్న 84 వోల్టుల 5 ఆంపియర్ల చార్జర్ మంచిదైతే, దాని జోడు ఇంకొకటి కొని ప్యారలల్‌లో కలపండి. రెండూ సీసీ-సీవీ రకమే (ముందు కరెంటును, చివర్లో వోల్టేజీని నిలకడగా ఉంచేవి) అయి ఉండాలి, బ్యాటరీ తగిలించనప్పుడు రెండింటి వోల్టేజీల తేడా 0.2 వోల్టులు దాటొద్దు. ముందొక పరీక్ష: ఒక చార్జర్‌ను బ్యాటరీకి కలిపి, గోడ ప్లగ్గు పీకేయండి. లైటు వెలుగుతూనే ఉంటే బ్యాటరీ కరెంటు వెనక్కి పోతున్నట్టే. అలాంటిదాన్ని జోడీకి వాడొద్దు. ఒకటి పాడైనా రెండోదానితో బండి నడుస్తుంది, ఈ పద్ధతిలో మాకు నచ్చేది అదే.

కొత్తది కొంటే ధరను ఆంపియర్లతో భాగించి పోల్చండి. అల్యూమినియం పెట్టె, బయటికి కనబడే ఫ్యాను ఉన్నది మేలు. లేబుల్ మీది 10 నిజంగా వస్తుందో లేదో క్లాంప్ మీటర్‌తో చూడాలి. డీసీ కొలిచే క్లాంపే తెచ్చుకోండి, మామూలు ఏసీ క్లాంప్ సున్నా చూపిస్తుంది.

మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. సెల్స్‌కు చార్జింగ్ హద్దు సాధారణంగా 45. ఎండలోంచి వచ్చిన బండిని గంటసేపు నీడలో ఉంచి, ప్యాకు చల్లబడ్డాకే పెట్టండి. తెల్లవారుజామున పెడితే ఇంకా మంచిది.

వచ్చే పాఠంలో కనెక్టర్లు: ఆండర్సన్, ఎక్స్‌టీ90 క్రింపింగ్. ఈలోగా చార్జింగ్ మొదలైన అరగంటకు గోడ ప్లగ్గును, చార్జింగ్ వైరును పైనుంచి తాకి చూసి, ఏది ఎక్కువ వేడెక్కిందో రాసుకోండి.