ఉద్యోగం పోయాక నిద్ర పట్టక అల్లాడా, అమ్మమ్మతో ఇలా మాట్లాడాక తేరుకున్నా (నా అనుభవం)

ఎలా తేరుకున్నావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఉద్యోగం పోయాక రాత్రి నిద్ర లేదు, పొద్దున ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాదు. మోటివేషన్ వీడియోలు, ధ్యానం యాప్, వాకింగ్, ఏవీ నిలబడలా.

మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో అమ్మమ్మ ఇల్లు, గొడ్లు అన్నీ పోయాయి. "ఎలా తట్టుకున్నావ్" అంటే "ఏముందిరా నాన్నా, దేవుడి దయ" అని ఊరుకుంటది, అలా అడిగితే ఏమీ రాదు. అందుకే సాయంత్రం గోంగూర వలుస్తుంటే పక్కన కూర్చుని నేనూ వలుస్తూ (చేతుల్లో పని ఉంటే మాట వస్తది), "ఉప్పెన నీళ్ళు వెనక్కిపోయాక మొట్టమొదట ఏం చేశావ్?" అని అడిగా. ఆ తర్వాత? ఆ తర్వాత? అంతే, ఇంకేం అడగలా.

మొదట తాగేనీళ్ళు అంది. బావిలో ఉప్పునీళ్ళు, అందరూ కలిసి తోడి పోశారంట. తర్వాత మూడు రాళ్ళు ఏరి పొయ్యి. పొలం సంగతి చాలా రోజుల దాకా తలుచుకోనే లేదంట, "ఆ పూటకి పొయ్యి వెలిగిందా లేదా, అదే చూసుకున్నాం" అంది.

ఆ రాత్రే కాగితం మీద రేపటి "నీళ్ళు", రేపటి "పొయ్యి" రాసుకున్నా: పీఎఫ్ ఫారం, పాత మేనేజర్‌కి ఒక ఫోన్. ఈఎంఐ, పెళ్ళి గొడవ అన్నీ "పొలం" కింద పడేశా. అప్పట్నుంచి రోజూ ఇదే, నిద్ర మెల్లగా దారికొచ్చింది.

అందరికీ పనిచేస్తదని చెప్పలేను. తన చెల్లెలి మాట దగ్గరకొచ్చేసరికి అమ్మమ్మ ఆగిపోయింది, నేను ఇంక కదిలించలా, మీరూ మీ పెద్దవాళ్ళని అడిగేటప్పుడు వాళ్ళు అలా ఆగితే అక్కడ ఆపేయండి. వారాల తరబడి నిద్ర లేకపోతే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోండి.