కాపీ కొట్టినా ఫలితం లేని ఆన్‌లైన్ పేపరు

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మొదటిసారి ఆన్‌లైన్ పరీక్ష పెట్టినప్పుడు తరగతిలో ఇచ్చే పేపరునే ఫారంలోకి ఎక్కించాను. దిద్దుతుంటే ఏడుగురి జవాబుల్లో 'మధ్యగతం' (అంకెల్ని వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) కాస్తా 'మద్యగతం' అయి కూర్చుంది. కోపం వచ్చింది గానీ, నిర్వచనం అడిగితే ఎవరైనా వెతికి అతికించేస్తారు. తప్పు నా ప్రశ్నదే.

ఇప్పుడు ఇలా అడుగుతున్నాను: "మీ ఫోన్‌లో గత 7 రోజుల స్క్రీన్ టైమ్ చూడండి. సగటు, మధ్యగతం కట్టి, మీ వారం గురించి ఏది సరిగ్గా చెబుతోందో రాయండి." ఒకమ్మాయి అంకెలు 3, 3, 4, 4, 4, 5, 12 గంటలు. సగటు 5, మధ్యగతం 4. "12 గంటలు జ్వరంతో పడుకున్న రోజువి. సగటు నన్ను ఉత్తపుణ్యానికి ఫోన్ పిచ్చిదాన్ని చేస్తోంది" అని రాసింది. ఇలాంటి జవాబు పక్కవాళ్ల దగ్గర దొరకదు.

ఏఐ చేత రాయించుకుంటే? అందుకే ప్రతి పరీక్ష తర్వాత చీటీలు తీసి పదిమందిని ఐదేసి నిమిషాలు వైవాకి (నోటి పరీక్షకి) పిలుస్తాను. ఈ సంగతి ముందే చెప్పేస్తాను. "ఆ 12 బదులు 5 అయితే సగటు ఎంత?" సొంతంగా చేసినవాళ్లు కాసేపట్లోనే 4 అనేస్తారు.

లెక్కలకైతే ప్రశ్నల బ్యాంకు పెట్టుకోండి. 40 ప్రశ్నల్లోంచి ఒక్కొక్కరికి 10 యాదృచ్ఛికంగా ఇస్తే, ఏ ఇద్దరికైనా ఉమ్మడిగా వచ్చేవి సగటున రెండున్నరే. ఆన్‌లైన్ తరగతులు, పరీక్షలు నడిపే మూడిల్ సాఫ్ట్‌వేర్‌లో 'కాలిక్యులేటెడ్' రకం ప్రశ్న పెడితే ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు వస్తాయి. ప్రశ్నల వరస మార్చినంత మాత్రాన వాట్సాప్ గ్రూపు ఆగదు.

50 మార్కుల పరీక్ష ఒక్కటే పెడితే టెన్షన్‌తోనే సగం మంది పక్కచూపులు చూస్తారు. పదేసి మార్కులవి ఐదు పెట్టి, బాగా రాసిన నాలుగు లెక్కలోకి తీసుకుంటాను.

పేపరు పైన ఏం వాడొచ్చో, ఏం వాడకూడదో రాయండి: నోట్సు, కాలిక్యులేటర్ సరే, మరొకరి సాయం, ఏఐ వద్దు. 'కాపీ కొట్టను' అని రాయించుకునే ప్రమాణపత్రం మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఫారం మొదట్లోనే సంతకం పెట్టిస్తే నిజాయితీ పెరుగుతుందన్న 2012 నాటి ప్రసిద్ధ పరిశోధన పత్రాన్ని 2021లో ఉపసంహరించారు. వెబ్‌క్యామ్ నిఘా నేను మానేశాను. పక్కకి చూస్తూ ఆలోచించేవాళ్లనీ దొంగల్లో కలిపేస్తోంది.

సమయం ఎంత ఇవ్వాలో తేలాలంటే ముందు మీరే రాసి చూడండి. నాకు 15 నిమిషాలు పడితే పిల్లలకు 40 ఇస్తాను. ఒకసారి అలా రాస్తుంటేనే నా ప్రశ్నల్లో రెండింటికి అసలు జవాబే లేదని బయటపడింది.