పెన్‌డ్రైవ్‌లో పప్పీ లినక్స్ ఎక్కించడం ఎలా?

హార్డ్‌డిస్క్ పాడైన కంప్యూటర్‌నైనా, విండోస్ మొరాయించే పాత ల్యాప్‌టాప్‌నైనా పప్పీ లినక్స్ నడిపిస్తుంది. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ అయ్యాక (కంప్యూటర్‌లో మొదలయ్యాక) చాలావరకు ర్యామ్‌లోనే పనిచేస్తుంది. అందుకే పెన్‌డ్రైవ్ మీద కూడా చురుగ్గా ఉంటుంది. ఎక్కించడం చిన్న పనే. చిక్కంతా మీ ఫైళ్లు, సెట్టింగులు ఎక్కడ సేవ్ అవుతాయన్న దగ్గరే.

4 జీబీ పెన్‌డ్రైవ్, 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ముందు వేరేచోటికి కాపీ చేసుకోండి.

పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడం

డెబియన్ 12 అనే లినక్స్ ఆధారంగా వచ్చిన పప్పీ కూర్పు బుక్‌వార్మ్‌పప్. దాని ఐఎస్ఓ ఫైల్‌ను (మొత్తం సిస్టమ్ ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకోండి. ప్రాసెసర్ 64 బిట్ కాకపోతే 32 బిట్ కూర్పు తీసుకోవాలి. విండోస్‌లో రూఫస్ (ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్) తెరిచి, పెన్‌డ్రైవ్‌నూ ఐఎస్ఓనూ ఎంచుకోండి. సెలెక్ట్ బటన్ పక్కనున్న టిక్ గుర్తు నొక్కితే చెక్‌సమ్ (ఫైల్ సరిగా దిగిందో లేదో తేల్చే అక్షరాల వరుస) చూపిస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైల్‌ను మళ్లీ దించుకోవాల్సిందే.

పార్టిషన్ స్కీమ్ ఎంబీఆర్, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 పెట్టండి. స్టార్ట్ నొక్కాక ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే ఐఎస్ఓ మోడే ఎంచుకోండి. డీడీ మోడ్‌లో రాస్తే పెన్‌డ్రైవ్‌లో పప్పీ ఉన్న భాగం సీడీలాగా చదవడానికి మాత్రమే పనికొస్తుంది. మీ పని దాచుకోవడానికి అందులో చోటుండదు.

బూట్ చేయడం

కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పెన్‌డ్రైవ్ పేరు కనిపించకపోయినా, ఎంచుకున్నాక బూట్ కాకపోయినా బయాస్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌లనే మొదలవనిచ్చే రక్షణ) ఆపి చూడండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉన్న కంప్యూటర్ అయితే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ఆ సెట్టింగ్ ముట్టుకోండి.

మధ్యలో ఎస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ (పప్పీ సిస్టమ్‌ను కుదించి పెట్టిన ఫైల్) దొరకలేదని ఆగిపోతే, చాలాసార్లు కారణం పెన్‌డ్రైవ్ మేల్కొనేలోపే సిస్టమ్ వెతకడం ముగించడం. వేరే పోర్టులో, వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టి మళ్లీ ప్రయత్నించండి.

సేవ్ ఫైల్

మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సెషన్‌ను సేవ్ చేయాలా అని అడుగుతుంది. వద్దంటే వైఫై పాస్‌వర్డ్ మొదలుకొని అన్నీ పోతాయి. సేవ్ ఎంచుకుని, పార్టిషన్ల జాబితాలో పెన్‌డ్రైవ్‌ను దాని సైజు చూసి గుర్తుపట్టండి. పొరపాటున హార్డ్‌డిస్క్ ఎంచుకుంటే ఆ పెన్‌డ్రైవ్ మరో కంప్యూటర్‌లో ఖాళీగా తెరుచుకుంటుంది.

మీ ఫైళ్లు, సెట్టింగులు దాచే ఈ సేవ్ ఫైల్ సైజు 512 ఎంబీతో మొదలుపెట్టడం మేలు. తర్వాత పెంచుకోవచ్చు గానీ తగ్గించడం కుదరదు. ఫ్యాట్32 మీద ఏ ఫైలూ 4 జీబీ దాటదు. పెన్‌డ్రైవ్ జేబులో తిరిగేదే, ఎక్కడైనా పోవచ్చు కాబట్టి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా చేయడం) అవకాశం ఇస్తే తప్పకుండా వాడండి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం ఫైళ్లు తిరిగిరావు.

డెస్క్‌టాప్ మీద సేవ్ గుర్తు కనిపిస్తే మార్పులు ర్యామ్‌లో ఉంటూ అప్పుడప్పుడు మాత్రమే పెన్‌డ్రైవ్‌కి చేరుతున్నాయని అర్థం. ముఖ్యమైన పని కాగానే దాన్ని నొక్కండి. పప్పీలోని ఈవెంట్ మేనేజర్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో సేవ్ వ్యవధిని 0 చేస్తే తనంతట తాను రాయడం ఆగి పెన్‌డ్రైవ్ ఎక్కువకాలం మన్నుతుంది, కానీ కరెంటు పోతే అప్పటిదాకా సేవ్ చేయనిదంతా పోతుంది. బ్యాటరీ సరిగా లేని ల్యాప్‌టాప్‌లో ఆ మార్పు చేయకండి.