పాత చెక్క చిత్రిక మొరాయిస్తోందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చిత్రిక అనండి, రంద అనండి, తోపడ అనండి, చెక్కని పొట్టు తీసి నునుపు చేసే పనిముట్టు ఇది. ఎర్రగడ్డ సండే మార్కెట్లోనో జుమ్మేరాత్ బజార్లోనో ఒకటి కంటపడుతుంది, లేదా అటక మీద తాతల నాటి పెట్టెలో దొరుకుతుంది, ఈమధ్య కొందరు ఇంగ్లండ్ నుంచి బీచ్ చెక్కవి ఆన్‌లైన్లో తెప్పించుకుంటున్నారు కూడా. ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఏంటంటే శాండ్ పేపర్ తీసుకుని చెక్క తెల్లగా వచ్చేదాకా బాడీ అంతా రుద్దేయడం. దయచేసి అదొక్కటి చేయకండి. బ్లేడుకి పదును మళ్ళీ పెట్టుకోవచ్చు, బ్లేడుని బిగించి పట్టే చెక్క చీల కొత్తది చేసుకోవచ్చు, బాడీ నుంచి తీసిన చెక్క మాత్రం తిరిగి రాదు. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు బ్లేడు, తర్వాత దాని మీదుండే క్యాప్, తర్వాత చీల, ఆ తర్వాత బ్లేడు కూర్చునే బెడ్డు, అన్నీ అయ్యాకే అడుగు, అంటే చెక్క మీద జారే కింది వైపు. నా లెక్కలో సగానికి పైగా కేసులు బ్లేడు, చీల దగ్గరే తేలిపోతాయి, అడుగు దాకా వెళ్ళక్కర్లేదు.

రుద్దొద్దు అనడానికి ఇంకో కారణం ముద్ర. ఇంగ్లండ్, అమెరికా చిత్రికలకి ముందు మొహం మీద, అంటే ముందుకి తోసేటప్పుడు ఎదురుగా ఉండే చివర మీద, చేసినవాడి పేరు కొట్టి ఉంటుంది, పక్కనే వాడినవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. మసాచుసెట్స్‌లోని రెంథమ్ ఊళ్ళో సీజర్ చెలోర్ అని ఒకాయన ఉండేవాడు, ఫ్రాన్సిస్ నికల్సన్ అనే చిత్రికల తయారీదారు దగ్గర బానిస. 1753లో నికల్సన్ చనిపోతూ వీలునామాలో విడుదల చేశాక, 1784లో పోయేదాకా తన పేరుతోనే చిత్రికలు చేశాడు. ఇవాళ ఒక చిత్రిక ఆయనది అని చెప్పగలిగేది మొహం మీద ఆ పేరు ఉండబట్టే, నాలుగు సార్లు ఎమరీ పేపర్ తిప్పితే అది ఉత్త చెక్కముక్క. మనవైపువి ఎక్కువగా టేకు, తుమ్మ లాంటి చేవ చెక్కతో వడ్రంగి తనే చేసుకున్నవి, ముద్ర ఉండదు, కానీ చెయ్యి పట్టుకున్న చోట పడిన నునుపు ఉంటుంది. అది కూడా పోగొట్టుకోకూడదు.

పొట్టు గొంతులో ఇరుక్కుపోతోంది

అన్నిటికన్నా ఎక్కువ వినే కంప్లయింట్ ఇదే. రెండు సార్లు తోయగానే నోరు (అడుగులో బ్లేడు అంచు బయటికొచ్చే సందు) మూసుకుపోతుంది, దాని పైన పొట్టు పైకి వచ్చే గొంతులో పొట్టు మడతలు పడి ముద్దయిపోతుంది, పుల్ల పెట్టి పొడుస్తూ కూర్చోవాలి. వెంటనే "నోరు చిన్నగా ఉంది, ఉలితో పెద్దది చేస్తా" అనుకుంటారు, ఆగండి.

చీల విప్పి బ్లేడు బయటికి తీయండి. డబుల్ బ్లేడు అయితే, అంటే పైన క్యాప్ స్క్రూతో బిగించి ఉంటే, రెండూ కలిపి అలాగే పట్టుకుని లైటు వైపు పెట్టి చూడండి. క్యాప్ అంచుకీ బ్లేడుకీ మధ్య వెలుతురు సన్నగీతలా కనపడిందా, మీ దొంగ దొరికినట్టే. ఆ సందులోకి మొదటి పొట్టు దూరుతుంది, దాని మీద రెండోది పడుతుంది, ఇక కథ అయిపోయింది. క్యాప్ అంచుని సానరాయి మీద, వెనక భాగం రాయికన్నా కొంచెం కిందికి ఉండేలా వాల్చి, బ్లేడుని తాకే అంచు మాత్రమే రుద్దుకునేలా చేసుకోండి. మళ్ళీ బిగించి లైటుకి పెట్టి చూస్తే గీత పోవాలి, పోయేదాకా చేయాలి. క్యాప్ పైవైపు గరుగ్గా, తుప్పుగా ఉంటే అది కూడా నున్నగా చేసేయండి, పొట్టు జారేది దాని మీదుగానే కదా.

క్యాప్ బాగానే ఉంటే తర్వాత చీల. ఇంగ్లండ్ రకం చీలకి కింద రెండు కాళ్ళు ఉంటాయి, గొంతుకి రెండు పక్కలా ఉన్న గాడిల్లో కూర్చుంటాయి. ఆ కాళ్ళ కొసలు మొద్దుగా ఉన్నా, విరిగి ఉన్నా, గాడికీ కాలికీ మధ్య సందు ఉన్నా పొట్టు సరిగ్గా అక్కడే, మూలల్లోనే పట్టుకుంటుంది. ఇరుక్కున్న పొట్టు మధ్యలో ఉందా మూలల్లో ఉందా అని చూస్తే తప్పు క్యాప్‌దా చీలదా అని చెప్పేయొచ్చు. కొసల్ని ఉలితో పలచగా, పొట్టు పైకి జారేలా ఏటవాలుగా చెక్కాలి. కాలు విరిగిపోయి ఉంటే పాతదాన్ని దాచిపెట్టి, దాన్నే కొలతగా పెట్టుకుని ఇంకో చీల చేసుకోవడం మేలు. ఇవన్నీ అయ్యాక కూడా ఇరుక్కుంటే అప్పుడు నోటి సంగతి చూడండి, ముందు మాత్రం వద్దు.

తోస్తుంటే దడదడలాడుతోంది, చెక్క మీద అలల్లా గీతలు పడుతున్నాయి

బ్లేడు కింద ఖాళీ ఉంది. వందేళ్ళ చెక్క కదా, బెడ్డు ఎక్కడో ఉబ్బుతుంది, ఎక్కడో లోపలికి పోతుంది, బ్లేడు ఆ మిట్ట మీద ఊగుతుంది. కనిపెట్టడానికి పాత చిట్కా దీపం మసి. బ్లేడుకి బెడ్డు మీద ఆనే వైపు సన్నగా మసి పట్టించండి (కాటుకైనా పనికొస్తుంది, కానీ పలచగా), చీల కొట్టి బిగించండి, మళ్ళీ విప్పి గొంతులోకి టార్చి వేసి చూడండి. నల్లమచ్చ పడిన చోటే మిట్ట. ఆ మచ్చని మాత్రమే ఆకురాయితోనో వెడల్పు ఉలితోనో గీకాలి, మళ్ళీ మసి, మళ్ళీ బిగింపు. నోటికి దగ్గరగా కింద భాగంలో రెండు పక్కలా, పైన ఒక చోట మచ్చలు పడితే చాలు, బెడ్డు అంతా నల్లబడక్కర్లేదు. ఓపిక పని, తొందరపడి ఎక్కువ గీకేస్తే బ్లేడు వెనక్కి పోయి నోరు పెద్దదవుతుంది, అప్పుడు కొత్త తలనొప్పి.

మిట్ట లేదు కానీ ఇంకా దడ ఉందంటే బ్లేడు మరీ బయటికి ఉంది, అంతే.

బ్లేడు ఒకచోట నిలవట్లేదు, లేదా అసలు ఊడి రావట్లేదు

నిలవకపోవడానికి ఎక్కువసార్లు కారణం నూనె. రీస్టోర్ చేస్తున్నామని చీలకి కూడా అవిసె నూనె, మైనం పూసేస్తారు, అది జారకుండా ఏం చేస్తుంది. చీలని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క రాసి చూడండి. అప్పటికీ జారితే చీల ఏటవాలు గాడి ఏటవాలుకి సరిపోలేదని, పైన బిగుతుగా కింద వదులుగా ఉందని అర్థం, దీనికీ మసి చిట్కానే. గట్టిగా కొట్టేస్తే నిలుస్తుందిలే అనుకోవద్దు, చీల గట్టిగా దిగితే గొంతు పక్కగోడలు పగులుతాయి.

ఊడి రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపకండి, గొంతు అంచు లేచిపోతుంది. పొట్టి చిత్రిక అయితే వెనక మడమ మీద, పొడుగుది అయితే ముందు వైపు పైన (చాలా వాటికి అక్కడ గట్టి చెక్క బొడిపె దిగ్గొట్టి ఉంటుంది) చెక్క సుత్తితో కొట్టండి, రెండో చేత్తో చీలని పట్టుకోండి, లేకపోతే ఎగిరి పడుతుంది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటే నాలుగు రోజులు గాలి ఆడే పొడి చోట నీడలో పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.

చెక్క పీచు లేస్తోంది, గుంటలు పడుతున్నాయి

ముందు చెక్కని తిప్పి అవతలి వైపు నుంచి తోసి చూడండి, వాటానికి, అంటే చెక్క పీచు వాలుకి, ఎదురు తోస్తుంటే ఏ చిత్రికైనా అంతే. రెండు వైపులా లేస్తుంటే పదును, ఆ తర్వాత క్యాప్ దూరం. నునుపు పనికి క్యాప్ అంచు బ్లేడు అంచుకి 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దగ్గరికి రావాలి. పొట్టు లేవగానే క్యాప్ దాన్ని విరిచేస్తుంది, పీచు ముందుకి చీలే అవకాశం ఉండదు. సింగిల్ బ్లేడు పాత చిత్రికలకి ఈ సౌకర్యం లేదు, వాటిలో సన్నటి నోరు, ఇంకొంచెం నిటారు బ్లేడు ఉండాలి. మామూలు వాలు 45 డిగ్రీలు, ఇంగ్లండ్‌లో గట్టి చెక్కలకి 50 డిగ్రీలు పెట్టి దాన్ని యార్క్ పిచ్ అనేవాళ్ళు.

పదును నిలవట్లేదు

పాత బ్లేడు అంతా ఒకే లోహం కాదు. మెత్తటి చేత ఇనుము మీద సన్నటి ఉక్కు పలకని కొలిమిలో అతికించి చేసేవాళ్ళు, పదును పట్టిన ఏటవాలు మీద నీళ్ళు వేసి తుడిచి చూస్తే రెండు రంగుల మధ్య గీత కనపడుతుంది. తరాల తరబడి అరగదీసి ఆ ఉక్కు భాగం అయిపోయి ఉంటే మీరు ఎంత సాన పట్టినా ఇనుముకి పదును పెడుతున్నట్టే, ఆ బ్లేడు పని అయిపోయింది, ఇంకోటి చూసుకోండి. కొనేటప్పుడే ఈ గీత, ఉక్కు ఎంత పొడవు మిగిలిందో చూసుకుంటే గొడవ ఉండదు.

ఉక్కు ఉండి కూడా నిలవకపోతే ఎవరో గ్రైండర్ మీద కాల్చేశారు. అంచు దగ్గర నీలం మచ్చ ఉంటుంది, అంటే అక్కడ గట్టిదనం పోయింది. నీలం పోయేదాకా చేత్తోనే, నీళ్ళ రాయి మీద అరగదీయాలి, వేరే దారి లేదు. బ్లేడు మీద "కాస్ట్ స్టీల్" అని కొట్టి ఉంటే పోత ఇనుము అనుకుని పారేసేవాళ్ళు ఉన్నారు, అయ్యో అనిపిస్తుంది. అది మూసలో కరిగించిన మంచి ఉక్కు, షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740ల్లో మొదలుపెట్టిన పద్ధతి. మూసలో ఉక్కు తీయడం అంటే అంతకు చాలా ముందే మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేశారు, అది వేరే కథ.

తుప్పు విషయం త్వరగా చెప్పేస్తా. వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలోనో బ్లేడుని ఒక రాత్రి ఉంచి, బ్రష్ కొట్టి, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. ఏటవాలు వైపు గుంటలు పడ్డా పర్లేదు. రెండో వైపు, అంటే చదును వైపు, అంచు దగ్గర గుంటలుంటే మాత్రం అంచు ఎప్పుడూ రంపంలానే ఉంటుంది. ఆ చదునుని అంచు నుంచి ఒక సెంటీమీటర్ వరకు రాయి మీద సాపు చేసుకుంటే చాలు, బ్లేడు మొత్తం అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు.

గొంతు పక్కగోడ పగిలింది

చల్లటి తేమ దేశంలో పుట్టిన బీచ్ చెక్క మన మే నెల ఎండకి, లేదా అమెరికాలో చలికాలం హీటర్ వేసిన ఇంట్లో, వెడల్పులో కుంచించుకుపోతుంది. లోపల ఇనుము కుంచించుకోదు. బ్లేడు గొంతులో అటూ ఇటూ సందు లేకుండా ఉంటే గోడ పగలాల్సిందే. కాబట్టి పాత చిత్రిక ఇంటికి రాగానే బ్లేడు పక్కకి కొంచెం కదులుతుందో లేదో చూడండి, కదలకపోతే వెంటనే చీల వదులు చేసి పెట్టండి, అవసరమైతే బ్లేడు పక్క అంచుల్ని ఆకురాయితో కాస్త తగ్గించండి, గోడని కాదు. పగిలిపోయి ఉంటే, పగులు కొత్తదైతే సరేసు (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పాతకాలం జిగురు) వేడి చేసి లోపలికి పోనిచ్చి క్లాంపు మెల్లగా బిగించండి. కలెక్షన్ ముక్కకి ఫెవికాల్ కన్నా సరేసు ఎందుకంటే రేపు ఎవరైనా వేడీ తడీ తగిలించి విప్పుకోవచ్చు. పాత పగుల్లో మురికి, నూనె నిండిపోతే ఏ జిగురూ పట్టదు, ముందు స్పిరిట్‌తో కడగాలి.

పొట్టు మధ్యలో రాదు, చివర్లలోనే వస్తుంది

ఇప్పుడు అడుగు వంతు. వంకర లేని రెండు పుల్లల్ని అడుగు మీద ముందొకటి వెనకొకటి అడ్డంగా పెట్టి కంటితో గురి చూస్తే మెలిక తెలుస్తుంది, పొడుగునా స్కేలు పెడితే వంపు తెలుస్తుంది. ముందు చివర, నోటి ముందు భాగం, వెనక చివర, ఈ మూడు ఒకే మట్టంలో ఉంటే చాలు, మధ్యలో సన్నటి పల్లం ఉన్నా ఏం కాదు. సరిచేసేటప్పుడు బ్లేడు పెట్టి, చీల మామూలుగా ఎంత బిగిస్తారో అంతే బిగించి, అంచు మాత్రం లోపలికి లాగి ఉంచాలి. చీల బిగింపుకి బాడీ వంగుతుంది, ఖాళీ బాడీని సాపు చేస్తే పనిలో పెట్టగానే మళ్ళీ వంకర. మందపాటి అద్దం మీద 80 నంబరు శాండ్ పేపర్ అంటించి, అడుగంతా పెన్సిల్ గీతలు గీసి, రుద్దుతూ ఏ గీతలు పోతున్నాయో చూస్తూ ఉండండి. చివరి రెండు మూడు పట్లు ఇంకో మంచి చిత్రికతోనో స్క్రేపర్‌తోనో తీస్తే చెక్కలో ఇరుక్కున్న ఇసుక రేణువులు పోతాయి.

ప్రతిసారీ అడుగు తీసినప్పుడు నోరు కొంచెం వెడల్పవుతుంది, ఎందుకంటే గొంతు పైకి వెళ్ళేకొద్దీ విశాలం. బ్లేడు అరిగినా అంతే, కింద మందంగా పైన పలచగా ఉండే బ్లేడు కదా. కొంచెమే పెద్దదైతే బెడ్డు మీద దళసరి అట్టముక్క అంటిస్తే బ్లేడు ముందుకి జరుగుతుంది, చీల కొంచెం సవరించుకుంటే సరి. మరీ పెద్దదైతే నోటి ముందు అడుగులో గాడి తీసి గట్టి చెక్క అతుకు వేయాలి, జిట్రేగు ముక్క బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అరుదైన ముద్ర ఉన్న చిత్రిక అయితే నేను అతుకు వేయను, దాన్ని అలమారలో పెట్టి పనికి ఇంకోటి కొనుక్కుంటాను.

చిల్లుల నుంచి పొడి రాలుతోంది, బాడీ నల్లగా జిగురుగా ఉంది

చిల్లులు పాతవా కొత్తవా చూడాలంటే చిత్రికని తెల్లకాగితం మీద రెండు వారాలు కదపకుండా పెట్టండి. పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. బ్లేడు తీసేసి, బాడీని గాలి చొరకుండా ప్లాస్టిక్ కవర్లో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు, గది వేడికి వచ్చాక విప్పండి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. మిగతా చిత్రికల పక్కన మాత్రం అప్పటిదాకా పెట్టకండి.

జిగురుకి కారణం ఎప్పుడో ఎవరో తాగించిన నూనె ఆరక బంకై పోవడం. టర్పెంటైన్‌లో గుడ్డ తడిపి మెల్లగా తుడవండి, నల్లదనం మొత్తం పోవాలని పట్టుబట్టకండి. తర్వాత కావాలంటే అవిసె నూనె ఒక్క పలచటి పూత, పావుగంట ఆగి పొడిగుడ్డతో మొత్తం తుడిచేయాలి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నిజంగానే మంటలు వస్తాయి. తీగ మీద విడివిడిగా పరిచి ఆరేయండి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి.