బస్తా లెక్క దగ్గర ఆగిన ఈఆర్‌పీ: నా అనుభవం

మండపేట దగ్గర మా రైస్ మిల్లులో ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాల లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) పెట్టిన మొదటి నెలలోనే స్టాకు మైనస్‌లోకి పోయింది. గోడౌన్ నిండా ధాన్యం ఉంది, కంప్యూటర్‌లో మాత్రం లేదు. గుమస్తా గారు పాత చిట్టా పుస్తకం మళ్లీ బయటికి తీశారు. నాకు ఒకటే టెన్షన్.

కాటా చీటీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక చీటీలో 120 బస్తాలు, 90 క్వింటాళ్లు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. సిస్టమ్‌లో 50 కిలోలని పెట్టారు, బహుశా బియ్యం బస్తా అనుకుని. అంటే ఆ లోడు 60 క్వింటాళ్లుగానే ఎక్కింది. మరకు పంపేది మాత్రం తూకం లెక్కన రాస్తున్నాం. మైనస్ రాక ఏమవుతుంది!

ఎంట్రీలు పడ్డాక స్టాకు కొలతను సిస్టమ్ మార్చనివ్వలేదు. అందుకని క్వింటాళ్లలో కొత్త ఐటమ్ తెరిచాం. ఒక ఆదివారం మిల్లు ఆపి, ఉన్న సరుకంతా తూచి, దాన్నే ప్రారంభ నిల్వగా ఎక్కించాం. ఇప్పుడు తూకమే స్టాకు. బస్తాల సంఖ్య వేరే గడిలో, హమాలీల కూలి కోసం.

నూక, తవుడు, ఊకలకూ విడివిడిగా ఐటమ్‌లు పెట్టాం. ఈఆర్‌పీ పెట్టేవాళ్లు కొలతల పట్టికను గుమస్తా పక్కన కూర్చుని నింపండి. బస్తా బరువు ఆయనకు తెలిసినట్టు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు తెలియదు.