క్రెస్టెడ్ కాక్టస్ ముడుచుకుపోతుంటే ముందు వేళ్లు చూడండి

హనుమకొండ, కాజీపేట వైపు డాబాల మీద కాక్టస్‌లు పెంచేవాళ్ల నుంచి చలికాలం చివర్లో నాకు ఒకే రకం ఫొటోలు వస్తాయి. మెదడులా మెలికలు తిరిగిన మామిల్లేరియా (ఒక రకం కాక్టస్) క్రెస్ట్, అంటే గుండ్రంగా కాకుండా శిఖలా సాగి పెరిగిన మొక్క, పక్కన చిన్న ప్రశ్న: "సన్నబడింది, నీళ్లు పెంచమంటారా?" వద్దండీ. ముందు మొక్కను కుండీలోంచి బయటికి తీసి వేళ్లు చూడండి. ఐదు నిమిషాల పని. నన్ను అడిగేలోపు ఈ పని చేసినవాళ్లు చాలా తక్కువ.

ముడుచుకుంది, నీళ్లు పోసినా ఉబ్బడం లేదు

ఉత్త దాహమైతే నీళ్లు పోసిన వారం లోపే మొక్క నిండుగా తయారవుతుంది. వేరుకుళ్లు అయితే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టి లాగితే పైపొర ఊడి చేతికొస్తుంది. ఈ రెండూ కాకపోతే చాలాసార్లు వేరు పిండినల్లే. నా దగ్గరున్న మంచి మిర్టిల్లోకాక్టస్ క్రెస్ట్ ఒకటి దీనికే పోయింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మన పత్తి రైతులకు పిండినల్లి కొత్త కాదు. కానీ అది కొమ్మల మీద కనిపించే రకం. ఇది మట్టిలోనే ఉండి వేళ్ల రసం పీలుస్తుంది, పైకి ఏమీ తెలియదు. మామూలు గుండ్రటి కాక్టస్ ఎండితే గాడులు లోతుగా పడతాయి కాబట్టి వెంటనే పట్టేస్తాం. క్రెస్టెడ్ మొక్కకు మడతలు ఎలాగూ ఉంటాయి, తేడా తెలియదు. పెరగకపోతే "ఈ రకాలు నిదానమే కదా" అంటాం. పూయకపోతే "వీటికి పూలు అరుదు కదా" అంటాం. పురుగు చేసే నష్టమంతా మొక్క స్వభావం ఖాతాలో పడిపోతుంది. పైగా దీనికి పొడి మట్టి అంటే ఇష్టం. చలికాలంలో మనం నీళ్లు ఆపి కుండీని ముట్టుకోకుండా వదిలేసే నెలల్లోనే బాగా పెరుగుతుంది.

వేళ్ల మీద, కుండీ లోపలి గోడకు తెల్లటి బూడిద లాంటి మచ్చలు కనిపిస్తాయి. చాలామంది దాన్ని పెర్లైట్ (మట్టిలో కలిపే తెల్లటి తేలిక గుళికలు) అనుకుంటారు, కొందరు బూజు అనుకుంటారు. గోటితో నొక్కండి. పెర్లైట్ గరగరలాడుతూ పొడి అవుతుంది, ఇది జిగురుగా నలుగుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఒక చుక్క శానిటైజర్ వేయండి. తెల్ల మైనం తడిసి, లోపలి చిన్న పురుగు బయటపడుతుంది.

దొరికితే మట్టంతా దులిపి, వేళ్లను ధారగా పడే నీళ్ల కింద కడగండి. బాగా పట్టిన సన్న వేళ్లను మొహమాటం లేకుండా కత్తిరించండి, కాక్టస్‌కు కొత్త వేళ్లు వస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అనే పురుగుమందు వరంగల్‌లో ఏ ఎరువుల షాపులో అడిగినా ఇస్తారు. లీటరు నీటికి అర మిల్లీలీటరు కలిపి, వేళ్లను పావుగంట ముంచండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లలకు మందు అందకుండా పెట్టండి. పూలున్నప్పుడు మాత్రం వాడొద్దు, తేనెటీగలకు అది విషం. తర్వాత మొక్కను వారం పాటు నీడలో ఆరనిచ్చి, కొత్త మట్టిలో నాటి, మరో వారం నీళ్లు పోయకండి. రెండు వారాలు ఆగి అదే మందు మట్టిలో ఒకసారి పోయాలి. గుడ్లలోంచి వచ్చే పిల్లలు మొదటిసారి తప్పించుకుంటాయి. ఈ రెండోసారి మానేసినవాళ్ల మొక్కలే మళ్లీ నా దగ్గరికి వస్తాయి.

పాత మట్టి పారేయండి, కుండీని వేడినీళ్లతో కడగండి. ఒకే ట్రేలో నీళ్లు పంచుకునే పక్క కుండీలన్నీ తీసి చూడండి, అడుగు రంధ్రాల గుండానే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకుతుంది. చీమలు తిరుగుతుంటే వాటినీ వదిలించాలి.

కొత్త మట్టికి కడిగిన దొడ్డు ఇసుక, జల్లించిన బేబీ చిప్స్ (సన్న కంకర), కొద్దిగా వర్మీ కంపోస్ట్ చాలు. నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా వద్దు.

వేళ్లు బాగున్నాయి, మొగ్గ మాత్రం రావడం లేదు

క్రెస్టెడ్ మొక్కలో ఒక బిందువుగా ఉండాల్సిన పెరుగుదల కొస గీతలా సాగిపోతుంది. అందుకే పూలు తక్కువ, వచ్చినప్పుడు శిఖ పొడవునా వరుసగానో, రెండు మూడు అతుక్కునో వస్తాయి. ఆ వింత చూడ్డానికే కదా ఇంత శ్రమ! నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు దాదాపు ఆపండి, పొద్దుటి ఎండ మాత్రం ఆపొద్దు. యూరియా పడితే ఒళ్లు పెరుగుతుంది, పూలు రావు. ఎకినాప్సిస్ రకాలు చాలావరకు రాత్రి విప్పుకుని మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతాయి. మొగ్గ బాగా ఉబ్బిన రోజు రాత్రి మేల్కొని ఉండండి.

రంగుల మూన్ కాక్టస్ కింది కాండం మెత్తబడింది

పైన ఉన్న ఎర్ర, పసుపు బంతికి పత్రహరితం లేదు, తనంతట తాను బతకలేదు. కింద ఉన్నది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం. దానికి చలి పడదు, ఆదిలాబాద్ వైపు డిసెంబర్ రాత్రుల్లో ఇంట్లో పెట్టాల్సిందే. మెత్తబడితే ఆలస్యం చేయకుండా బంతిని శుభ్రమైన బ్లేడుతో కోసి, గట్టి డ్రాగన్ ఫ్రూట్ ముక్క మీద అంటు కట్టండి. ఒక్కోదాని కోత నడుమ కనిపించే వలయాలు కొంతైనా ఒకదానిమీద ఒకటి పడాలి. పడకపోతే అంటు నిలవదు. రబ్బరు బ్యాండుతో బిగించి వారం పది రోజులు నీడలో ఉంచండి.

శిఖ పక్కనుంచి మామూలు కొమ్మ వచ్చింది

మొదట్లోనే కోసేయండి. అది శిఖ కంటే వేగంగా పెరిగి, మొక్క బలమంతా లాగేస్తుంది. కోసిన కొమ్మను విడిగా నాటుకోవచ్చు.

ఇక వైరస్ తెగులు, విత్తన లోపం లాంటివి ఇంటి కుండీల్లో చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ పడకండి. కొస దగ్గర చర్మం తుప్పు రంగుకు మారుతుంటే ఎర్రనల్లి కావచ్చు, వేపనూనె సాయంత్రం పూట కొట్టి, మొక్కను రెండు రోజులు నీడలో పెట్టండి. అడుగున ఏళ్లుగా ఉన్న గోధుమరంగు బెరడు మాత్రం వయసు వల్ల వచ్చేదే, దానికి మందు అక్కర్లేదు.